నేను వదిలేసిన నాలుగు వాక్యాలు

మా అమ్మ మీద నాకు కోపం ఇంకా పోలేదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది, నా జుట్టు నెరిసింది, అయినా పోలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు నయం. కన్నతల్లి గురించి ఇట్లా రాస్తారా అని నొచ్చుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

మాది వరంగల్‌లో కాశిబుగ్గ. డెబ్బైలు ముగిసే కాలం అది. మా వాడలో ఏ ఇంట్లో చూసినా మగ్గమే. మగ్గం ఉన్న గదిలోనే వంట, పడక, మా చదువులు. మా బాపు దుప్పట్లు నేసేవాడు. చేనేత సంఘం వాళ్ళు నూలు ఇచ్చి, నేసిన గుడ్డ తీసుకుపోయేవారు. అప్పటికే బొంబాయి దగ్గరి భివండిలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, మా వాడ మగవాళ్ళను చాలామందిని లాగేసుకున్నాయి. మగవాళ్ళు అక్కడ, పెళ్ళాంపిల్లలు ఇక్కడ. నడుమ నీలం రంగు ఇన్‌లాండ్ ఉత్తరాలు.

ఆ ఉత్తరాలు చదివిపెట్టడం నా పని. నేను అప్పుడు ఆరో తరగతి. చదువొచ్చిన మగపిల్లలు వాడలో లేకపోలేదు. కానీ వాళ్ళు గోలీలాట వదిలి రారు, వచ్చినా నిలబడి గబగబా గొణిగి పరుగెత్తేవాళ్ళు. నేను దర్జాగా పీట వేసుకుని కూర్చునేదాన్ని. చదివినందుకు గుప్పెడు పేలాలో, బెల్లంముక్కో చేతిలో పెట్టేవాళ్ళు. నిజం చెప్పాలంటే బెల్లం కన్నా నాకు ఆ ముఖాలు ఇష్టం. పదకొండేళ్ళ పిల్ల నోరు విప్పితే నలభై ఏళ్ళ ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి వినేవాళ్ళు. నాకు ఎంత పొగరుండేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

భివండిలో మావాళ్ళలో చాలామందికి రాయడం రాదు. ఎవరో ఒక్కడు అందరికీ రాసిపెట్టేవాడు. వాడి రాత దేవుడికే అర్థం కావాలి. ఒకసారి ‘జ్వరము’ అన్నదాకా చదివి, తరవాతి మాట తెలియక ఆగాను. అది ‘తగ్గినది’ అని నేను పోల్చుకునే లోపల ఆ ముసలామె శోకాలు మొదలుపెట్టింది, పక్కింటివాళ్ళు కూడా వచ్చి ఏడ్చారు. ఆ రోజు తిన్న తిట్లతో నాకు ఒక అలవాటు అయింది. ఉత్తరం ఎవరిదైనా సరే, ముందు మా ఇంట్లో కూర్చుని పైకి ఒకసారి చదువుకునేదాన్ని. తడబాటు పోయాక వాళ్ళింటికి పోయి చదివేదాన్ని. పోస్టుమ్యాన్ కూడా ఉత్తరాలన్నీ మా ఇంట్లోనే పడేసి పోయేవాడు. నేను చదువుకుంటుంటే అమ్మ వినేది. వాడ ముచ్చట్లన్నీ ఆమెకు ముందు తెలిసేవి. అందులో తప్పేముందో మాకెవరికీ తోచలేదు.

మా పక్క గదిలో ఒకామె ఉండేది. నేను చిన్నమ్మ అని పిలిచేదాన్ని. రక్తసంబంధం ఏమీ లేదు, మా అమ్మను ఆమె అక్కా అనేది కాబట్టి నాకు చిన్నమ్మ అయింది. పాతికేళ్ళు కూడా ఉండవు. మూడేళ్ళ కొడుకు. మొగుడు భివండి పోయి రెండేళ్ళు, అక్కడ చాల్‌లో, అంటే వరస గదుల మేడలో, పది మందితో కలిసి ఒకే గదిలో వంతులవారీగా పడుకునేవాడు. పెళ్ళాన్ని పిలిపించుకోవాలంటే వేరే గది కావాలి, అది దొరకడం లేదు. చిన్నమ్మ రాయించే ప్రతి ఉత్తరంలోనూ చివరి మాట ఒకటే.

“అర్ర దొరికిందా అని అడుగు బిడ్డా. అర్ర దొరికితే తెల్లారే బయలెల్లి వస్తా అని రాయి.”

ఆ మాట నాకు ఆమె చెప్పకుండానే వచ్చేసింది. ఆమె తతిమ్మా ముచ్చట చెప్తుండగానే నేను కింద అది రాసేసేదాన్ని. “రాసినవా? మస్తు హుషారున్నవే నువ్వు,” అని నవ్వేది. నా జడ విప్పి నూనె రాసి మళ్ళీ అల్లేది. మా అమ్మకు అంత ఓపిక ఉండేది కాదు.

ఆ వానాకాలంలో నాకు తమ్ముడు పుట్టాడు. కాన్పు తరవాత నడుము పట్టేసి అమ్మ రాట్నం ముందు కూర్చోలేకపోయింది. నేతపని తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్తున్నాను. మగ్గం మీద ఒకరు కూర్చుంటే కింద ఒకరు కండెలు చుట్టి ఇస్తూనే ఉండాలి. పడుగు పోగుల నడుమ అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న నూలు గొట్టం కండె. అది అయిపోతే నాడె ఉత్తదే, మగ్గం ఆగిపోతుంది. మా ఇంట్లో కండెలు చుట్టేది అమ్మ. ఆమె పడిపోగానే చిన్నమ్మ వచ్చి కూర్చుంది. పొద్దున కొడుకుని మా తమ్ముడి ఉయ్యాల పక్కన వదిలి రాట్నం పట్టుకుంటే, పొద్దుగూకేదాకా అదే పని. నేను బడి నుంచి వచ్చాక కాసేపు తిప్పేదాన్ని గానీ నా కండెలు వదులుగా వచ్చేవి, బాపు విసుక్కునేవాడు.

అప్పుడే సంఘానికి సర్కారు హాస్టళ్ళ దుప్పట్ల పని వచ్చింది. దసరా లోపల ఇవ్వాలి. ఇవ్వలేని మగ్గానికి మళ్ళీ నూలు ఇవ్వరని అందరూ అనుకుంటున్నారు. మా బాపు పొద్దున లేచి మగ్గం గుంటలో దిగితే అన్నానికి తప్ప లేచేవాడు కాదు.

వినాయక చవితి ఇంకా రెండు మూడు రోజులు ఉందనగా చిన్నమ్మకు ఉత్తరం వచ్చింది. ఆమె కొడుకుని తీసుకుని బోరింగు దగ్గరికి పోయింది. నేను అలవాటు ప్రకారం గడపలో కూర్చుని పైకి చదివాను. ఉభయకుశలోపరి అయింది, బాబుకు దగ్గు తగ్గిందా అన్నది అయింది. తరవాత నాలుగు వాక్యాలు. అవి నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

‘చాల్‌లో ఒక అర్ర దొరికినది. నీవు బాబును తీసుకొని సద్దుల బతుకమ్మ లోపల రావలెను. రాకుంటే అర్ర వేరేవాళ్ళకు పోవును. వచ్చేది రానిది జవాబు రాయి.’

నేను ఎగిరి గంతేసి లేచాను. బోరింగు దాకా పరుగెత్తి చెప్పాలని నా కాళ్ళు ఆగడం లేదు. ఇంత మంచి ఉత్తరం నా చేతికి ఎన్నడూ రాలేదు.

“ఆగు,” అన్నది అమ్మ.

తమ్ముడు ఆమె ఒళ్ళో పాలు తాగుతున్నాడు. బాపు మగ్గం ఆపలేదు. అమ్మ గొంతు తగ్గించి, “గా నాలుగు మాటలు ఇప్పుడే చదవకు,” అన్నది.

“ఎందుకు?”

“మగ్గం మీద పడుగు సగమన్న కాలే. ఇది పోతే కండెలెవ్వరు చుడ్తరే, నువ్వా? ఈ పడుగు దిగనీ. నేనే చెప్తా దానికి. పది పన్నెండొద్దుల ముచ్చట. అర్ర యాడికి పోతది?”

నేను నసిగాను. అప్పుడామె నా చెయ్యి పట్టుకుని తమ్ముడి నెత్తి మీద పెట్టింది. మాడు మెత్తగా, వెచ్చగా కొట్టుకుంటోంది. “చెప్పనని తమ్ముని మీద ఒట్టు వెయ్యి,” అన్నది. వేశాను. ఒట్టు తప్పితే ఏమవుతుందో ఆమె అనలేదు, నాకు తెలుసు. ఆ వయసులో ఆ సంగతి తెలియనివాళ్ళు ఎవరు.

సాయంత్రం చిన్నమ్మకు ఉత్తరం చదివాను. పైనుంచి దగ్గు దాకా చదివి, ఆ నాలుగూ దాటేసి, ‘ఇట్లు’ దగ్గరికి దూకాను. ఒక్కచోట కూడా తడబడలేదు. అంత బాగా నేను ఎన్నడూ చదవలేదు.

“అర్ర ముచ్చట రాయలేదా?” అని అడిగింది.

“రాయలే చిన్నమ్మా.”

“ఇంక ఎప్పుడు దొరుకుతదో,” అని ఉత్తరం మడిచి బియ్యం డబ్బా మీద పెట్టింది. రెండు రోజులకు జవాబు రాయించింది. యథాప్రకారం చివర, “అర్ర దొరికిందా అని అడుగు,” అన్నది. నేను కలం పట్టుకుని ఆగాను. అది రాస్తే అక్కడ మొగుడికి అనుమానం వస్తుంది, దొరికిందని రాశాను కదా, మళ్ళీ అడుగుతుందేమిటి అని. నా గుట్టు బయటపడుతుంది. ఆ వాక్యం రాయకుండానే, “రాసినా,” అన్నాను. ఇది మా అమ్మ చెప్పింది కాదు. ఆమె అక్కడ లేదు కూడా. అబద్ధానికి కాపలా కాయడం నా అంతట నేనే నేర్చుకున్నాను.

ఆ ఉత్తరం భివండిలో ఎట్లా చదువుకుని ఉంటారో నాకు అప్పుడు తట్టలేదు. రమ్మంటే, వస్తాననలేదు, రాననలేదు. ఎన్నడూ అడిగే అర్ర మాట కూడా ఎత్తలేదు. పెళ్ళానికి రావడం ఇష్టం లేదని కాక ఇంకేమనుకుంటాడు.

ఆ పడుగు నేయడం అయిపోయి, మగ్గం మీంచి దిగింది. ఆ రోజు బడి నుంచి వచ్చీ రాగానే అమ్మ కొంగు పట్టుకున్నాను. “చెప్పినవా?”

“ఇంకొక్క పడుగు ఉన్నదే. ఇదొక్కటి దిగనీ.”

అప్పటికే బాపు కొత్త పడుగు ఎక్కిస్తున్నాడు. చిన్నమ్మ ఒక కొస పట్టుకుని సాయం చేస్తోంది. నాకు ఏడుపొచ్చింది. ఒక్కటే పడుగు అన్నావు కదా అంటే, “నీకెందుకే ఫికర్? నేను చెప్తానంటిని గద. చెప్పనా ఏంది?” అన్నది. ఆ మాటను నేను నమ్మాను. అమ్మ అన్నది కదా, చెప్తుంది. ఇవ్వాళ చెప్తుంది, రేపు చెప్తుంది అని ప్రతిరోజూ బడి నుంచి వస్తూ, చిన్నమ్మ మూట సర్దుకుంటూ కనిపిస్తుందేమో అని చూసేదాన్ని. రాట్నం చప్పుడు వీధి మూల దాకా వినిపించేది.

ఎంగిలిపువ్వు బతుకమ్మ వచ్చింది. ఆడవాళ్ళు పొద్దున్నే తంగేడుపూలకు పోయారు. నేను అమ్మను మళ్ళీ అడిగాను. “పండుగ పూట గిప్పుడేం చెప్తరు,” అన్నది. తొమ్మిది రోజులూ అట్లానే అయిపోయాయి. సద్దుల నాడు చిన్నమ్మ ఎర్ర చీర కట్టి, తనంతెత్తు కాకపోయినా కొడుకంతెత్తు బతుకమ్మ పేర్చింది. వాడలో అందరికన్నా గట్టిగా పాడింది. నన్ను కూడా చెయ్యి పట్టి వలయంలోకి లాగింది. నేను చప్పట్లు తప్పుతూ తిరిగాను. ఆ రాత్రితో గడువు తీరిపోయిందని ఆ వలయంలో ఇద్దరికే తెలుసు. రెండో మనిషి చంటివాణ్ణి ఎత్తుకుని, నాకు ఎదురుగా నిలబడి పాట అందుకుంటోంది.

దసరా వెళ్ళిన వారానికి భివండి నుంచి వాడలోకి ఒకతను వచ్చాడు. చిన్నమ్మకు మరిది వరస. కాళ్ళు మొక్కి, నిలబడే అన్నాడట. “వదినా, అన్న గంతగనం పిలిస్తే రాకపోతివి. అర్ర వట్టుకొని నెలంతా చూసిండు. జవాబుల కూడ ఆ ముచ్చటే తియ్యకపోతివట. నీకు మనసు లేదనుకున్నడు. ఇప్పుడు గా అర్రల ఇంకో ఆమెను ఉంచుకున్నడు. నేను చెప్పినట్టు చెప్పకు.”

చిన్నమ్మ ఏడవలేదట. బియ్యం డబ్బా మీది ఉత్తరాలన్నీ ఒళ్ళో వేసుకుని మూల మీది దర్జీ దుకాణానికి పోయింది. ఆ దర్జీని మేమంతా చాచా అనేవాళ్ళం. ఉర్దూ, తెలుగు రెండూ చదివేవాడు. ఒక్కొక్కటే చదివించుకుంది. ఆ నాలుగు వాక్యాల దగ్గర, మళ్ళీ చదువు చాచా అని మూడుసార్లు అడిగిందట.

అక్కడి నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చింది. వెనకాల వాడలో ఆడవాళ్ళు నలుగురు వచ్చారు. నేను గడపలోనే ఉన్నాను. బాపు గుంటలో ఉన్నాడు. చిన్నమ్మ నన్ను దాటి అమ్మ దగ్గరికి పోయింది.

“అక్కా, అర్ర దొరికింది రమ్మని గిండ్ల రాసి ఉన్నదట. నీ బిడ్డ నాకు చదవలే.”

నేను అమ్మ వైపు చూశాను. నాకు భయం కన్నా ఒకరకంగా నెమ్మది అనిపించింది, నిజంగా. ఇక అమ్మ చెప్పేస్తుంది, అంతా అయిపోతుంది, ఒట్టు బరువు దిగిపోతుంది అనుకున్నాను.

“గట్లనా చెల్లె,” అన్నది అమ్మ. “చిన్నపిల్ల గదా, ఎగరగొట్టి చదివిందేమో.”

“నాలుగు మాటలు ఎగిరిపోతయా అక్కా?”

“ఏమో, నాకేమన్న చదువొస్తదా?” అని, అప్పుడు నా వైపు తిరిగింది. అందరి ముందూ నన్ను అడిగింది. “ఎందుకు చదవకపోతివే? చెప్పు. నోట్ల నాలుక లేదా?”

ఆమె ముఖంలో ఏమీ మారలేదు. కన్ను అదరలేదు. తమ్ముణ్ణి భుజాన వేసుకుని జోకొడుతూనే ఉంది. వాడి నెత్తి నాకు కనిపిస్తోంది. బాపు వైపు చూశాను. ఆయన నాడె చేతిలో పట్టుకుని కాసేపు ఆగాడు. అప్పుడు ఆయనకు కూడా తెలుసునని నాకు అర్థమైంది. చదివింది ఆయన ముందే కదా. తల వంచుకుని మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు.

అమ్మ వచ్చి నా చెంప పగలగొట్టింది. రెండో దెబ్బకు చిన్నమ్మే అడ్డం వచ్చింది. “కొట్టకక్కా. కొడితే ఏమొస్తది.” ఆ తరవాత నా ముందు గొంతుక్కూర్చుని, “నీకు నేనేం చేసిన బిడ్డా?” అని అడిగింది.

అందరూ పోయాక అమ్మను అడిగాను, ఎందుకట్లా అన్నావు అని. ఏడుస్తూ అడగలేదు, గట్టిగానే అడిగాను. ఆమె దాచలేదు. “నేను చెప్పిన అంటే వాడంత నా మొఖం మీద ఊంచుతది. సంసారం చేసేదాన్ని, రేపు నేను గీ వాడల తిరగాలె. నువ్వు పిల్లవు. పిల్లల తప్పు నాలుగొద్దులకు అందరు మరుస్తరు,” అన్నది. ఎంత తేలిగ్గా అన్నదో. పిల్లల మీద పెట్టిన తప్పు చవగ్గా తీరిపోతుందని పెద్దవాళ్ళు లెక్క వేసుకుంటారని నేను ఆ రోజు తెలుసుకున్నాను. మా బడిలో ఏ పంతులమ్మా ఇది చెప్పలేదు.

నాలుగు రోజులకు ఎవరూ మరవలేదు. పోస్టుమ్యాన్ మా గడప దాటి తిన్నగా దర్జీ దుకాణానికి పోవడం మొదలుపెట్టాడు. నేను కనబడితే ఆడవాళ్ళు ఉత్తరం కొంగులో దాచుకునేవాళ్ళు. చిన్నమ్మ కొడుకుని చంకనేసుకుని, ఎవరో తోడు దొరికితే భివండి రైలెక్కింది. అప్పుడు ములుగు నుంచి మా మామ ఉత్తరం రాశాడు, అమ్మమ్మకు కాలు విరిగింది, ఒకసారి వచ్చి చూసిపొమ్మని. అది మాకు వచ్చిన ఉత్తరం కాబట్టి నేనే చదివాను. అమ్మ విని, “అంతేనా?” అన్నది.

“అంతే.”

“ఇంకేం రాయలేదా? సక్కగ చూడు.”

“అంతే అమ్మా.”

నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని, చెప్పులేసుకుని, దర్జీ దుకాణానికి పోయింది. నేను గడపలో నిలబడి చూశాను. చాచా కళ్ళద్దాలు పెట్టుకుని చదువుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. తిరిగి వచ్చి, “నువ్వు చదివిందే ఉన్నది,” అన్నది, నాకేదో మంచిమాట చెప్పినట్టు. ఆ పూట నేను అన్నం తినలేదు. చెంపదెబ్బకు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఎవరైనా నన్ను నమ్మకపోవచ్చు, ఈమెకు ఆ హక్కు ఎక్కడిది?

రెండు వారాలకు చిన్నమ్మ తిరిగి వచ్చింది. ఆ గదిలోకి ఆమెను రానివ్వలేదని, చాల్ మెట్ల మీద రెండు రోజులు కూర్చుని వచ్చిందని వాడలో చెప్పుకున్నారు. వచ్చిన మర్నాడే సామాను కట్టేసింది, తల్లిగారి ఊరికి పోవడానికి. సామానంటే రెండు మూటలు, ఒక ట్రంకు పెట్టె. రిక్షా వచ్చి నిలబడింది. అమ్మ బయటికి రాలేదు.

నేను పోయాను. తమ్ముడికి ఏమైనా కానీ అనుకుని పోయాను. ఆ తరవాత నెల రోజులు వాడి ఒంటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూస్తూ బతికాను, అది వేరే సంగతి. రిక్షా పట్టుకుని, “చిన్నమ్మా, నేను కావాలని చెయ్యలే. అమ్మనే చదవద్దన్నది. తమ్ముని మీద ఒట్టు పెట్టించింది,” అన్నాను. ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను. దిగి పోయి అమ్మను కడిగేస్తుందనుకున్నాను. నన్ను దగ్గరికి తీసుకుంటుందని కూడా అనుకున్నాను.

ఆమె కొడుకుని ఒళ్ళో సర్దుకుంది.

“నాకెర్కనే బిడ్డా,” అన్నది. “మీ అమ్మ చెప్పకుంట నువ్వెట్ల చేస్తవు. ఆమె తన మగ్గం చూసుకున్నది, నేనైనా గట్లనే చేద్దునేమో. ఆమెను నేను గంతగనం నమ్మలే.” మూట కాళ్ళ దగ్గరికి జరుపుకుని, “నిన్ను నమ్మిన,” అన్నది.

రిక్షా కదిలింది. నేను మూల దాకా దాని వెనకాల నడిచాను. ఆమె తిరిగి చూడలేదు.